గడ్డిలో తేలిన మేడ

జనం దాన్ని మేడ పార్కు అంటారు. అందులో మేడ లేదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో మేడ పార్కులో మేడ అంత. ఉన్నదల్లా రెండెకరాల పచ్చిక, దాని చుట్టూ నడిచే బాట, పదకొండు బెంచీలు, గేటు పక్కన పనివాళ్ళ క్వార్టర్లు మూడు. కొత్తగా వచ్చినవాళ్ళు కాసేపు అటూ ఇటూ వెతికి, చివరికి తోటమాలిని పట్టుకుని "మేడ ఎక్కడండీ?" అని అడుగుతారు. "మీరు నిలబడింది దాని మీదే. కాస్త గడ్డి దిగి మాట్లాడతారా?" అంటాడు అతను.

అతణ్ణి అందరూ పచ్చిక పంతులు అంటారు. చదివింది ఎనిమిదో తరగతే గానీ, గడ్డి మీద కాలు పెట్టిన ప్రతివాడికీ పాఠం చెబుతాడని ఆ పేరు వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ పచ్చికను కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాడు. "నాకు జ్వరం వస్తే మూడోరోజుకి తెలుస్తుంది ఈయనకి. గడ్డికి పడిశం పడితే మాత్రం ముందురోజే తెలుస్తుంది" అని భార్య దెప్పుతూ ఉంటుంది. అందులో అబద్ధం పెద్దగా లేదు.

మేడ కథ కాగితాల్లో ఉన్నంత మేరకు చిన్నదే. నూలు వ్యాపారి ఒకాయన కట్టించాడు. ముందు వైపు ఇరవై కిటికీలు, తెల్లరాతి మెట్లు తొమ్మిది, లోపల నూరు మంది పట్టే హాలు. కొడుకు దాని మీద ఇంకో అంతస్తు లేపాడు. మనవడి కాలానికి కప్పు కారడం మొదలైంది. ఆయన కారిన చోటల్లా ఒక గిన్నె పెట్టించి, ఇంట్లో గిన్నెలు అయిపోయాక, స్థలంతో సహా మున్సిపాలిటీకి రాసిచ్చేసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వాళ్ళు మేడను పడగొట్టించి, పునాదులు పెకలించే ఓపిక లేక వాటి మీదే మట్టి కప్పి గడ్డి వేశారు. ఇది జరిగి యాభై ఏళ్ళు దాటింది.

కాగితాల్లో లేని కథ పంతులు అత్తగారి దగ్గర ఉంది. ఆవిడ పన్నెండో ఏట తల్లి వెంట ఆ మేడలో ఇస్త్రీ పనికి వెళ్ళింది, ఇరవై నాలుగో ఏట చంకలో కూతురితో బయటికి వచ్చింది. ఆ కూతురే పంతులు భార్య. పార్కులో రోజూ నడిచేవాళ్ళకి ఆవిడ ఇస్త్రీ మామ్మ. సోమవారం సోమవారం ముప్పై రెండు దుప్పట్లు ఇస్త్రీ చేసేవాళ్ళమనీ, పెద్దాయన చొక్కా కాలరు నిలబెట్టి తడితే టకటకమనేదనీ, చిన్నమ్మగారు ఏడ్చిన రోజు జేబురుమాళ్ళు లెక్కకు ఒకటి ఎక్కువ వచ్చేదనీ చెబుతుంది. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఒక గది గురించి. వంటింటి వెనక, ఉత్తరం వైపు, పద్నాలుగు మంది పనివాళ్ళు పడుకునే గది. ఆవిడ అమ్మ పోయింది అందులోనే, కూతురు పుట్టింది అందులోనే. పంతులు ఆ గది గురించి ఎన్నిసార్లు విన్నాడంటే, అత్తగారు దగ్గితే చాలు, మిగతాది తను అందుకోగలడు.

ఆ ఏడు మున్సిపాలిటీవారికి ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టింది. పార్కు మధ్యలో ఇనప బోర్డు ఒకటి పెట్టాలి, దాని మీద మేడ పటం, కథ పోత పోయించాలి అన్నారు. ఆ పని రిటైరైన చరిత్ర టీచరు ఒకావిడకు అప్పగించారు. చరిత్ర మేడం మంచి మనిషి. పంతులు క్వార్టరుకు వచ్చి, పీట వాల్చుకు కూర్చుని, రెండు గంటలు మామ్మ చెప్పిందంతా రాసుకుంది. మామ్మ ఆ రాత్రి కూతురితో, "నా మాటలు ఇనుములో పోస్తారటే" అని మురిసిపోయింది.

పది రోజుల తర్వాత మేడం పటం పట్టుకొచ్చింది. హాలు ఉంది, మెట్లు ఉన్నాయి, వంటిల్లు ఉంది. వంటింటి వెనక తెల్లకాగితం ఉంది.

"గది ఏదమ్మా?" అంది మామ్మ.

"మామ్మా, మేడ అప్పగించినప్పుడు గీసిన పటం ఇది. అందులో వంటింటి వెనక ఏమీ లేదు. పనివాళ్ళంతా బయట్నుంచి వచ్చిపోయేవాళ్ళని మనవడిగారి ఉత్తరంలో కూడా ఉంది."

"అప్పగించడానికి రెండేళ్ళ ముందే తీసేశారు తల్లీ. అందుకేగా మేం వచ్చేసింది."

"తీసేసినట్టు కూడా ఎక్కడా రాసి లేదు మామ్మా." మేడం నిజంగానే బాధపడుతూ చెప్పింది. "ఒక్క ఆధారం దొరికితే తప్పకుండా వేస్తాను. నెలాఖరు దాకా టైముంది."

మామ్మ వాదించలేదు. అందుకే పంతులుకు భయం వేసింది. వాదించని అత్తగారిని అతను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి ఆవిడ మేడ ఊసు ఎత్తడం మానేసింది. నడిచేవాళ్ళు పలకరిస్తే తల ఊపేది, అంతే. ఒకరోజు అన్నం కంచం ముందు కూర్చుని, "నువ్వెక్కడ పుట్టావే?" అని కూతుర్ని అడిగింది.

"అదేంటమ్మా? నువ్వు చెప్తేనేగా నాకు తెలిసేది!"

"నేను చెప్పింది సరిగ్గా ఉందో లేదో అని" అంది మామ్మ. "ఒకోసారి మనమే అనుకుంటాం కాబోలు. అనుకుని అనుకుని, జరిగిందనుకుంటాం."

పంతులు గబగబా చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాడు. అత్తగారంటే అతనికి భయభక్తులు ఏనాడూ లేవు. ఉన్నది ప్రేమ. పెళ్ళైన కొత్తలో ఇంట్లో భార్య అలిగితే అతని పక్షాన మాట్లాడిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. అలాంటి మనిషి తన బతుకునే అనుమానించడం అతను చూడలేకపోయాడు.

అతనికి ఒక సంగతి తెలుసు. అది కాగితాల వాళ్ళకు తెలియదు. పునాది రాయి మీద మట్టి పలచన. నీళ్ళు లేకపోతే ఆ రాయి మీది గడ్డి మిగతాదానికన్నా ముందు ఎండుతుంది. పంపు చెడిపోయిన ఒక వేసవిలో తెల్లరాతి మెట్ల గుర్తు పచ్చికలో కనిపించడం అతను కళ్ళారా చూశాడు. చూసి, సిగ్గుపడి, కడవలతో నీళ్ళు మోసి దాన్ని కప్పేశాడు. ఇప్పుడు ఆ మేడను రప్పించాలి. రప్పించాలంటే గడ్డిని ఎండగట్టాలి.

ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత మొదటిసారి, నడివేసవిలో, పచ్చిక పంతులు పంపు తిప్పలేదు. ఎందుకో ఇంట్లో అత్తగారికి మాత్రం చెప్పాడు.

మొదటి వారం అతనికి సరిగ్గా నిద్ర పట్టలేదు. రెండో వారం నడిచేవాళ్ళు వేళాకోళం మొదలుపెట్టారు. "ఏం పంతులూ, గడ్డికి ఉపవాసం పెట్టావా?" అన్నాడు ఒకాయన. పార్కుల ఆఫీసరు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇదేంటయ్యా, పీచులా తయారైంది?" అని గద్దించాడు. పైపు బాగుచెయ్యాలి సార్ అన్నాడు పంతులు. నెలాఖరుకు పచ్చబడకపోతే నిన్ను బాగుచేస్తాను అని ఆఫీసరు వెళ్ళిపోయాడు. పెంచిన చేత్తో ఎండగట్టడం ఎంత కష్టమో ఆయనకు చెప్పినా అర్థం కాదు.

పన్నెండో రోజున మెట్లు వచ్చాయి. గోధుమ రంగు చారలు తొమ్మిది, ఒకదాని వెనక ఒకటి. పదమూడో రోజున హాలు వచ్చింది. ఆ తర్వాత రోజుకో గది చొప్పున మేడ లేచి వచ్చింది: భోజనాల గది, లోపలి గుండ్రటి మెట్ల చోటు, గోడకు గోడ, మూలకు మూల. పంతులు పొద్దున్నే లేచి దాని గదుల్లో తిరిగేవాడు, గుమ్మాలు వచ్చిన చోట గుమ్మాల్లోంచే వెళ్ళేవాడు. పదిహేడో రోజున వంటిల్లు పూర్తిగా తేలింది. దాని ఉత్తరపు గోడ గీత గీసినట్టు కనిపించింది.

ఆ గోడ అవతల ఏమీ రాలేదు.

మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పంతులు వంగి చూశాడు, మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు, బెంచీ ఎక్కి చూశాడు. ఒక్క చార లేదు. మేడంకు అప్పటికే కబురు చేశాడు, ఎల్లుండి పది గంటలకు వస్తానంది. ఇంట్లో మామ్మ నెల రోజుల తర్వాత చీరకు ఇస్త్రీ చేసుకుంటూ, "వచ్చిందా నాయనా?" అని అడిగింది. "వస్తోంది అత్తయ్యా" అన్నాడు. ఆ మాట అన్నాక ఇక వెనక్కు తీసుకునే దారి లేదు.

మర్నాడు తెల్లారగానే పనిముట్ల షెడ్డులో స్టవ్ వెలిగించి, పెద్ద గిన్నెడు నీళ్ళు మరగబెట్టాడు. మరిగిన నీళ్ళు పోస్తే ఏ గడ్డయినా ఒక్క ఎండకు మాడిపోతుంది. వంటింటి గోడకు నాలుగు అడుగుల అవతల మేకులు పాతి, నాలుగు వైపులా తాడు కట్టాడు. అత్తగారు చెప్పిన కొలతలే. నీళ్ళు కూజాలోకి ఒంపుకుని తాడు వెంట సన్నగా పోసుకుంటూ వెళ్ళాడు. ఒక వైపు సగం అయ్యేసరికి వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నావు నాయనా?"

మామ్మ కర్ర ఊతంగా నిలబడి ఉంది. రేపటి దాకా ఆగలేక వచ్చేసింది. పంతులు చేతిలో కూజా పొగలు కక్కుతోంది.

"కలుపు అత్తయ్యా. వేడినీళ్ళు పోస్తే చస్తుంది."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికి ఒకడు. మామ్మ మేకుల్ని చూసింది, తాడును చూసింది.

"కలుపు తాడు కట్టుకుని వరసగా మొలుస్తుందా?"

పంతులు కూజాను వెనక్కు దాచబోయాడు.

"నా గది రాలేదా?"

"రాలేదు అత్తయ్యా."

"అందుకని మీరు కడుతున్నారు." ఆవిడ అతన్ని 'మీరు' అనడం పెళ్ళినాటి తర్వాత అదే మొదటిసారి. "ఆ మేడం నమ్మలేదంటే నాకు కోపం రాలేదు. ఆవిడ కాగితాల మనిషి. కూతురికి తెలియదు, అదప్పుడు చంటిపిల్ల. మీరు నమ్మారనుకున్నాను అల్లుడుగారూ. ఇంతమందిలో ఒక్కరు నమ్మారు కదా, నాకు మతిపోలేదు కదా అనుకున్నాను."

"నమ్మలేదని కాదు అత్తయ్యా. మీకోసమే..."

"నమ్మినవాడు దొంగగోడ ఎందుకు కడతాడు?"

పంతులు కూజా కింద పెట్టి అక్కడే గడ్డి మీద చతికిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరినీ కూర్చోనివ్వని గడ్డి. "నిన్న ఒక్కరోజు నమ్మలేదు" అన్నాడు, తల దించుకుని. "రాళ్ళన్నీ వచ్చాయి. మీ గదిదే ఒక్క రాయి రాలేదు. అందుకని నమ్మలేదు. తప్పు చేశాను."

మామ్మకు పట్టరాని కోపం వచ్చింది. నెల రోజుల నుంచి పోయిందనుకున్న ఆ పాత కోపమే.

"రాయా? రాయి ఎందుకొస్తుంది? మా కింద రాళ్ళు ఎవరు పరిచారు? నాలుగు గుంజలు పాతి, చుట్టూ చెక్కలు కొట్టి, పైన రేకు వేశారు. కింద వట్టి మట్టి. పునాదులు వేసి కట్టడానికి మేమేమన్నా వాళ్ళ అల్లుళ్ళమా?"

పంతులు తలెత్తాడు. "చెక్కలా? ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం?"

"అడిగితేగా! గది ఎక్కడా అన్నారు, చెప్పాను. ఎంత పొడుగూ అన్నారు, చెప్పాను. దేంతో కట్టారని ఒక్కనాడన్నా అడిగారా?"

పంతులు మెల్లగా లేచి నిలబడ్డాడు. గది విషయం అతనికి తెలియదు గానీ మట్టి విషయం తెలుసు. "అత్తయ్యా, ఇస్త్రీపెట్టెల్లో బూడిద రోజూ ఎక్కడ పోసేవాళ్ళు?"

"ఇంకెక్కడ? గదిలోనే. నేల చెమ్మగా ఉండేది. బూడిద పరిచి, పైన పొట్టు పరిచి, తొక్కి, దాని మీద చాపలు వేసుకునేవాళ్ళం. నెలకోసారి మళ్ళీ కొత్తది పరిచేవాళ్ళం. మా అమ్మ కాలం నుంచీ అంతే. అదెందుకిప్పుడు?"

పంతులు వినడం లేదు. వంటింటి గోడ అవతలికి చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అతను ఎండిన గడ్డి కోసం వెతికాడు. పార్కంతా పసుపు తిరిగిపోతున్నా, అక్కడ ఒక ముక్క పచ్చగా ఉండడం అతను చూడకపోలేదు. రోజూ చూశాడు. పోనీలే, ఇదన్నా బతికింది అని సంతోషపడ్డాడు. తోటమాలి బుద్ధి అంతే మరి, పచ్చగా ఉన్నదాన్ని అనుమానించదు. ఇప్పుడు చూస్తే ఆ పచ్చకు నాలుగు మూలలు ఉన్నాయి. తను కట్టిన తాడుకు నాలుగు అడుగుల ఇవతల నుంచే, వంటింటి గోడను ఆనుకుని, ఒక గదంత పచ్చగా ఉంది. అరవై డెబ్బై ఏళ్ళ బూడిద, పొట్టు ఆ మట్టిలో చెమ్మ నిలిపి ఇంకా పనిచేస్తున్నాయి.

"అత్తయ్యా" అన్నాడు. "వచ్చింది. ఎప్పుడో వచ్చింది. నేనే చూడలేదు."

మామ్మ చెప్పులు విప్పి, కర్ర ఆనించుకుంటూ ఆ పచ్చలోకి నడిచింది. రెండు అడుగులు వేసి ఆగింది. కుడివైపు తిరిగి ఇంకో మూడు అడుగులు వేసింది. "ఇక్కడ మా అమ్మ" అంది. "ఇక్కడ నేను. అక్కడ ఆ మూల మీ ఆవిడ పుట్టింది." అని, ఇక నిలబడలేక, తన చోట తను కూర్చుని ఏడ్చింది. పంతులు కూడా ఏడ్చాడు. నడిచేవాళ్ళు ఇద్దరు ఆగి చూసి, పంతులు గడ్డి చచ్చిపోయిందని ఏడుస్తున్నాడు కాబోలు అనుకుని, పాపం అనుకుంటూ వెళ్ళిపోయారు.

మర్నాడు పది గంటలకు చరిత్ర మేడం వచ్చింది. మెట్లు ఎక్కి, హాలు దాటి, వంటింట్లోంచి వెనక్కు వచ్చేసరికి ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోతోంది. ముందుగా ఆవిడ కంట పడింది వంటింటి అవతల కొత్తగా మాడిన గీత.

"ఇదేంటి? ఇదా గోడ?"

"కాదు మేడం. అది నేను నిన్న వేడినీళ్ళు పోసి చేసింది" అన్నాడు పంతులు, ఎవరూ అడక్కముందే మిగతాది కూడా చెబుతూ. "దొంగగోడ. అసలుది ఇది." పచ్చ ముక్కను చూపించి, బూడిద సంగతి, మట్టి సంగతి అంతా విడమరిచి చెప్పాడు. తవ్వుకోల తెచ్చి ఒక మూల జానెడు మట్టి తీసి చూపించాడు. బూడిద పొర, దాని కింద నల్లబడిన పొట్టు పొర, మళ్ళీ బూడిద, కేకు కోసినట్టు కనిపించాయి. మేడం ఆ మట్టిని వేళ్ళతో నలిపి వాసన చూసింది. తర్వాత టేపు తీసి కొలిచింది. పదహారు అడుగులు, పదకొండు అడుగులు. రాసుకుని, కలం ఆపి, మళ్ళీ గది వంక చూసింది.

"మామ్మా, పద్నాలుగు మంది అన్నారు కదా. ఇది పద్నాలుగు మందికి ఎలా సరిపోయింది?"

"సరిపోయిందని నేనెప్పుడన్నాను తల్లీ?" అంది మామ్మ. "పడుకున్నామని చెప్పాను, అంతే."

మేడం కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడిచిన చాలా సేపటికి గానీ మళ్ళీ పెట్టుకోలేదు. అప్పుడు పటం మోకాలి మీద పెట్టుకుని, వంటింటి వెనక తెల్లగా ఉన్న చోట నాలుగు గీతలు గీసింది, లోపల ఏమని రాయాలో మామ్మనే అడిగింది. మామ్మ చెప్పింది రాసింది. పద్నాలుగు మంది ఎవరెవరో, ఏ పని చేసేవారో, ఎవరి చాప ఎక్కడో. ఇద్దరి విషయంలో మామ్మ తడబడి, ఆగి, గోడవైపు తిరిగి ఆలోచించి, గుర్తు తెచ్చుకుంది. తనకు గుర్తు లేనివి గుర్తు లేవనే చెప్పింది. ఇప్పుడు ఆవిడకు ఆ ధైర్యం ఉంది.

నిన్నటి నుంచి అల్లుడితో మాత్రం ఆవిడ ముక్తసరిగానే ఉంది. మీరు, అల్లుడుగారు, అంతే. తప్పు తనదే గనక పంతులు దాన్ని భరించాడు. మేడం కాగితాలు సర్దుకుని గేటు దాటాక, అతను షెడ్డులోకి వెళ్ళి, ఇరవై ఒక్క రోజుల తర్వాత పంపు తిప్పాడు. రబ్బరు గొట్టం భుజాన వేసుకుని, నీళ్ళు చిమ్ముకుంటూ, మేడను చుట్టి వెనక్కు వచ్చాడు. మొదటి నీళ్ళు అత్తగారి గదికే పట్టాలని అతని కోరిక. చేసిన తప్పుకు అదొక్కటే చెయ్యగలడు.

మామ్మ ఆ గదిలోనే కూర్చుని ఉంది. నీళ్ళు పాదాల దాకా వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"ఇక్కడ వద్దు నాయనా, ఇదేం ఎండిపోలేదుగా" అంది. మేడ వైపు, తెల్లరాతి మెట్ల వైపు, నూరు మంది పట్టే హాలు వైపు కర్రతో చూపించింది. "ముందు వాళ్ళింటికి పట్టు. పాపం, ఎలా ఎండిపోయిందో చూడు."